అద్దె కారు అప్పగింతలు

ఈ వేళ మనం మాట్లాడుకోబోయేది ఒక చిన్న పని గురించి. చిన్నదే, కానీ సరిగా చేయకపోతే ఇంటికి తిరిగొచ్చాక ఎప్పుడో క్రెడిట్ కార్డు బిల్లులో బయటపడే పని. పరాయి దేశంలో విమానం దిగగానే అక్కడే కారు అద్దెకు తీసుకోవడం, అవసరం తీరాక మళ్ళీ విమానాశ్రయంలోనే అప్పగించి రావడం. ఒకప్పుడు హైదరాబాదులో ఈ అవసరం ఏ కొద్దిమందికో ఉండేది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు తరలింది. 2023లో అమెరికా కాన్సులేట్ కూడా నానక్‌రామ్‌గూడకు, అంటే ఐటీ కంపెనీల నడిబొడ్డుకే వచ్చేసింది. ఇప్పుడు హైటెక్ సిటీలో ఏ ఆఫీసుకు వెళ్ళినా ఆన్‌సైట్ పని మీద విదేశాలకు వెళ్ళొచ్చినవారు ఉంటారు, వెళ్ళబోయేవారూ ఉంటారు. ఈ మాటలు ముఖ్యంగా మొదటిసారి వెళ్తున్నవారి కోసం. పిల్లల దగ్గరికి వెళ్ళి, అందరూ కలిసి నాలుగు ఊళ్ళు చూసొద్దామనుకునే తల్లిదండ్రుల కోసం కూడా.

విదేశంలో కారు అనగానే మనవాళ్ళకు ముందుగా వచ్చే భయం నడపడం గురించి. మనం రోడ్డుకు ఎడమవైపు నడుపుతాం. అమెరికాలో, ఐరోపాలోని చాలా దేశాల్లో కుడివైపు నడపాలి. స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది. ఇది పట్టించుకోవాల్సిన భయమే. అందుకే అందరూ దాని గురించి అడుగుతారు, అందరూ సలహాలు చెబుతారు. డబ్బు దగ్గర పేచీ మాత్రం ఎక్కువగా కారు చేతులు మారే చోట పుడుతుంది. ఆ బంపరు మీద గీత ఎప్పుడు పడింది? పెట్రోలు ఎంత ఉండగా ఇచ్చారు? ఏ రోజు, ఎన్ని గంటలకు తిరిగొచ్చింది? అన్ని పేచీలూ ఈ ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి. కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కారు తీసుకునేటప్పుడు ఒక పావుగంట, తిరిగి ఇచ్చేటప్పుడు ఒక పావుగంట. ఈ రెండు పావుగంటలూ మీవి. వాటిని తొందరలో పోగొట్టుకోకండి. మళ్ళీ చెబుతున్నాను: మొదటి పావుగంట, చివరి పావుగంట. ఈ ప్రసంగంలో మిగతావన్నీ ఈ మాటకు వివరణలే.

ఇది మనకు తెలియని విద్య కాదు. ఇంట్లో పెళ్ళంటే టెంట్ హౌస్ నుంచి గుండిగలు, బేసిన్లు, గరిటెలు, కుర్చీలు తెస్తాం. వచ్చినప్పుడు ఇంట్లో ఒకరు చీటీ పట్టుకుని నిలబడి లెక్కపెట్టుకుంటారు. సొట్టపడ్డ గుండిగ ఉంటే అప్పుడే చూపిస్తారు. తిరిగి పంపేటప్పుడు మళ్ళీ లెక్క. టెంట్ హౌస్ యజమాని మన ఊరివాడే, మన ఎరికలోనివాడే, అయినా లెక్క తప్పదు. ఎవరూ దాన్ని అనుమానం అనుకోరు. మరి పరాయి దేశంలో, పేరు కూడా తెలియని మనిషి దగ్గర, పాతిక ముప్ఫై వేల డాలర్ల వస్తువు చేతికి తీసుకుంటూ, ఒక సంతకం పడేసి వెళ్ళిపోవడం ఏ రకం ధైర్యం? తెలిసినవాళ్ళ మధ్యే లెక్క కావాల్సి వచ్చినప్పుడు, తెలియనివాళ్ళ మధ్య ఇంకా ఎక్కువ కావాలి కదా.

మనం తొందరపడడానికి ఒక కారణం ఉంది. ఈ వ్యాపారం పుట్టిందే తొందరలో. అమెరికాలో కార్లు అద్దెకివ్వడం పాత సంగతి. షికాగోలో 1918లోనే వాల్టర్ జేకబ్స్ అనే యువకుడు కొన్ని ఫోర్డ్ కార్లతో ఆ పని మొదలుపెట్టాడు. తర్వాత హెర్ట్జ్‌గా పేరు తెచ్చుకున్నది ఆ వ్యాపారమే. అప్పట్లో ఈ అద్దె కార్లు ఊళ్ళో దొరికేవి. విమానం దిగినవాడు ముందు ఊళ్ళోకి వెళ్ళాలి, అక్కడ కారు తీసుకోవాలి. సైన్యంలో విమానాలు నడిపిన వారెన్ ఏవిస్ అనే ఆయన ఈ లోటు గమనించాడు. 1946లో డెట్రాయిట్ దగ్గర విల్లో రన్ విమానాశ్రయంలో కార్ల అద్దె మొదలుపెట్టాడు. ఏవిస్ కంపెనీ అలా వచ్చింది. విమానం దిగిన మనిషికి తీరిక ఉండదు, అతన్ని ఎంత త్వరగా రోడ్డెక్కిస్తే అంత గొప్ప. ఈ వ్యాపారానికి పునాది ఆ ఆలోచనే. అందులో తప్పేమీ లేదు, మనకూ అది సౌకర్యమే. కానీ ఆ ఏర్పాటంతా మనల్ని ముందుకు నెట్టడానికే ఉంది. ఆగి చూడమని అక్కడ ఎవరూ చెప్పరు. ఆగాల్సింది మనమే.

మొదటి పావుగంట సవ్యంగా జరగాలంటే కొంత పని హైదరాబాదులోనే పూర్తి కావాలి. ముందు లైసెన్సు సంగతి. మన దేశం 1949 నాటి జెనీవా రోడ్డు రవాణా ఒప్పందంలో ఉంది. అందువల్ల మన ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను చాలా దేశాలు గుర్తిస్తాయి. ఏడాది చెల్లుతుంది. జపాన్ లాంటి చోట అది లేకపోతే కారు ఇవ్వరు. అమెరికాలో రాష్ట్రానికో పద్ధతి, కంపెనీకో పద్ధతి. దగ్గర ఉంచుకుంటే ఎక్కడా ఇబ్బంది ఉండదు. అయితే ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ పర్మిట్ మన అసలు లైసెన్సుకు తోడు మాత్రమే, దానికి బదులు కాదు. రెండూ వెంట ఉండాలి. తర్వాత పేరు. తెలుగువాళ్ళకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. లైసెన్సులో ఒక్క అక్షరమై ఉంటుంది. క్రెడిట్ కార్డు మీద వెనకది ముందుకొచ్చి, ముందుది వెనక్కి పోయి ఉంటుంది. మనకు ముగ్గురూ ఒకరేనని తెలుసు. కౌంటరులో ఉన్న మనిషికి తెలియదు. అతను పాస్‌పోర్టు, లైసెన్సు, కార్డు మూడూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. తేడా ఉంటే బయల్దేరక ముందే సరిచేయించుకోండి.

ఇక కార్డు. అద్దె డబ్బుతో పాటు పూచీగా కొంత మొత్తాన్ని కంపెనీ మీ కార్డు మీద బ్లాక్ చేస్తుంది. దీనికి సాధారణంగా కారు నడిపేవారి పేరు మీదున్న క్రెడిట్ కార్డే అడుగుతారు. ఫారెక్స్ కార్డు ఉంది కదా అని ధీమాగా వెళ్తే చాలాచోట్ల ఒప్పుకోరు. ఇంకో సంగతి. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం, కొత్తగా ఇచ్చే కార్డులు మొదట దేశంలోపలే పనిచేస్తాయి. విదేశాల్లో వాడుకోవాలంటే బ్యాంకు యాప్‌లో మనమే ఆ సదుపాయం ఆన్ చేసుకోవాలి. పరిమితి ఎంతో కూడా చూసుకోవాలి. ఇది శంషాబాద్‌లో విమానం ఎక్కేలోపు ఇంట్లో కూర్చుని చేసుకునే పని. అక్కడ కౌంటరు ముందు, వెనక పదిమంది వరుసలో నిలబడి ఉండగా, నెట్‌వర్కు దొరక్క తంటాలు పడుతూ చేసుకునే పని కాదు.

ఇప్పుడు కౌంటరు దగ్గరికి వద్దాం. అక్కడ మిమ్మల్ని అడిగే పెద్ద ప్రశ్న ఇన్సూరెన్సు గురించి. ఇందులో రెండు విషయాలున్నాయి, రెంటినీ విడదీసి చూడండి. ఒకటి, మీరు తీసుకున్న కారుకు జరిగే నష్టం. రెండు, ఆ కారు వల్ల ఎదుటి మనిషికో, ఎదుటి బండికో జరిగే నష్టం. మన దేశంలో బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు చట్ట ప్రకారం ఉండి తీరాలి. కాబట్టి ఈ రెండో సంగతి మనకు తట్టదు. అమెరికాలో స్థానికులకు సొంత కారు పాలసీ ఉంటుంది. అద్దె కారుకు కూడా వాళ్ళు తరచుగా దాని మీదే ఆధారపడతారు. బయటి నుంచి వచ్చిన మనకు ఆ పాలసీ ఉండదు. అద్దెతో పాటు వచ్చే రక్షణ చాలా తక్కువ మొత్తానికి ఉండవచ్చు. అక్కడ ఆసుపత్రి ఖర్చులు ఎలా ఉంటాయో మీరు విన్నదే. అందుకని మొదట రెండోదాని సంగతి అడగండి. ఎదుటివారికి దెబ్బ తగిలితే ఎంతవరకు కంపెనీ చూసుకుంటుంది? ఆ తర్వాత మొదటిది. కారు దెబ్బతింటే నేను ఎంత కట్టాలి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు కాగితంలో ఎక్కడ ఉందో చూపించమనండి. చూపించిన తర్వాతే సంతకం.

సంతకం అయ్యాక కార్ల దగ్గరికి వెళ్తారు. అది విమానాశ్రయంలోనే ఉండకపోవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చిన్న రైలెక్కి అద్దె కార్ల భవనానికి వెళ్ళాలి. తెలుగువాళ్ళు ఎక్కువగా దిగే డాలస్‌లో బస్సెక్కి వెళ్ళాలి. చివరికి ఒక పెద్ద షెడ్డులో, వరుసగా నిలబెట్టిన కార్ల మధ్య, మీ కారు. ఇదే ఆ మొదటి పావుగంట. సామాను ఇంకా డిక్కీలో పెట్టకండి. ముందు ఫోను బయటికి తీయండి. కారు చుట్టూ నెమ్మదిగా నడుస్తూ ఒక వీడియో తీయండి. నాలుగు మూలలూ, నాలుగు చక్రాల రిమ్ములూ విడిగా ఫోటోలు తీయండి. చక్రం రిమ్ము ఫుట్‌పాత్ అంచుకు గీసుకుపోవడం మామూలుగా జరిగేది, ఎవరూ చూడనిదీ అదే. ముందు అద్దం మీద రాయి తగిలిన చిన్న మచ్చ ఉందేమో వేలితో తడిమి చూడండి. అప్పుడే కడిగిన కారైతే నీటి చుక్కల కింద గీతలు దాక్కుంటాయి, ఒక గుడ్డతో తుడిచి చూడండి. వెలుతురు తక్కువుంటే ఫోను టార్చి వేయండి. లోపల సీట్లు. తర్వాత డాష్‌బోర్డు: పెట్రోలు ముల్లు, తిరిగిన మైళ్ళు, రెండూ ఒకే ఫోటోలో. గీతో సొట్టో కనిపిస్తే అక్కడున్న ఉద్యోగిని పిలిచి, ఒప్పందం కాగితంలో రాయించుకోండి. గేటు దాటాక చెప్పే మాటకు బలం ఉండదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అంత పెద్ద కంపెనీలు, అంత పద్ధతిగల దేశాలు, అక్కడ కూడా మోసం చేస్తారా, ఇంత అనుమానం ఎందుకు అని. నేను మోసం మాట ఎత్తడం లేదు. ఆలోచించండి. మీకు కారు ఇచ్చిన మనిషి వేరు, తిరిగి తీసుకునే మనిషి వేరు. దెబ్బ ఖరీదు లెక్కకట్టేది ఇంకో ఊళ్ళో కూర్చున్న మూడో మనిషి. వాళ్ళలో ఎవరూ మిమ్మల్ని ఎరగరు. మీరు మంచివారని వాళ్ళకు తెలియాలంటే మీ దగ్గర ఆధారం ఉండాలి. ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. 2015లో యూరోపియన్ కమిషన్, ఐరోపా దేశాల వినియోగదారుల రక్షణ సంస్థలు కలిసి అయిదు పెద్ద కార్ల అద్దె కంపెనీలతో మాట్లాడి, పద్ధతులు మార్చుకుంటామని హామీ తీసుకున్నాయి. కారుకు దెబ్బ తగిలిందని డబ్బు తీసుకునే ముందు వినియోగదారుడికి కారణం చెప్పాలి, ప్రశ్నించే అవకాశం ఇవ్వాలి అన్నది అందులో ఒకటి. అంత పెద్ద సంస్థలు కలగజేసుకోవాల్సి వచ్చిందంటే పేచీ నిజంగానే ఉన్నట్టు. అయితే ప్రశ్నించే అవకాశం దొరికినా, చేతిలో ఫోటో లేనివారు ఏమని ప్రశ్నిస్తారు?

మరో అభ్యంతరం. అన్నీ కలిసొచ్చే పూర్తి ఇన్సూరెన్సు కొనేస్తే ఈ ఫోటోల గొడవ ఉండదు కదా అని. కొనగలిగినవారు కొనుక్కోండి, మొదటిసారి వెళ్ళేవారికి అది మంచిదే. కానీ అది ఎలాంటి మాటో తెలుసుకుని కొనండి. చాలాచోట్ల అది ఇన్సూరెన్సు పాలసీ కూడా కాదు. కారుకు నష్టం జరిగినా మీ దగ్గర వసూలు చేయం అని కంపెనీ ఇచ్చే మాట. ఆ మాటకు షరతులుంటాయి. ఐరోపాలో టైర్లు, అద్దాలు, కారు అడుగు భాగం తరచుగా ఆ మాటలోకి రావు. ఒప్పందంలో పేరు లేని మనిషి నడిపితే ఆ మాట చెల్లదు. ఈ చివరిది మనవాళ్ళు బాగా గుర్తుంచుకోవాలి. నలుగురు స్నేహితులు కలిసి ప్రయాణం చేస్తారు. ఒకరి పేరు మీద కారు తీసుకుంటారు. రాత్రి అలసిపోయి, నువ్వు కాసేపు నడపరా అని తాళం ఇంకొకరికి ఇస్తారు. మన దగ్గర అది మామూలే. అక్కడ ఆ ఒక్క చేతి మార్పుతో డబ్బు పెట్టి కొన్న రక్షణంతా పోవచ్చు. ఎవరెవరు నడుపుతారో ముందే కౌంటరులో పేర్లు రాయించండి.

మధ్యలో ఉన్న రోజుల గురించి క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో టోలు కట్టడానికి చాలాచోట్ల మనిషే ఉండడు. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ వంతెన మీద 2013 నుంచి నగదు తీసుకోవడం లేదు. కెమెరా నంబరు ప్లేటును ఫోటో తీస్తుంది, బిల్లు అద్దె కంపెనీకి వెళ్తుంది, కంపెనీ దాని మీద తన రుసుము వేసి మీ కార్డులోంచి తీసుకుంటుంది. పార్కింగు జరిమానా, వేగానికి పడే జరిమానా కూడా ఇదే దారిలో వస్తాయి. కాబట్టి టోలు ఎలా కట్టాలో కారు తీసుకునేటప్పుడే అడగండి. ఏ రోజు ఏ ఊళ్ళో ఉన్నారో రాసిపెట్టుకోండి. తర్వాత బిల్లు వస్తే పోల్చి చూసుకోవచ్చు.

ఇక చివరి పావుగంట. ఇది మొదటిదానికంటే ముఖ్యం. ఎందుకంటే అప్పుడు మన మనసు విమానం మీద ఉంటుంది. ముందు పెట్రోలు. సాధారణంగా, నిండుగా ఇచ్చిన కారు నిండుగానే తిరిగివ్వాలన్నది పద్ధతి. విమానాశ్రయానికి కొంచెం ముందే నింపించుకోండి. అమెరికాలో పంపు దగ్గర మన కార్డు పెడితే అది తరచుగా పిన్‌కోడు అడుగుతుంది, అక్కడి పిన్‌కోడు. మాదాపూర్ పిన్‌కోడు అది ఒప్పుకోదు. కంగారు పడకండి. లోపలికి వెళ్ళి, పంపు నంబరు చెప్పి, క్యాషియరు దగ్గర డబ్బు కట్టండి. రసీదు అడిగి తీసుకోండి. తర్వాత అద్దె కార్ల వాపసు అని రాసున్న బోర్డుల వెంట వెళ్ళండి. వాపసు గేటు దగ్గర నేల మీద ఇనుప ముళ్ళు ఉండే చోట్లున్నాయి. ముందుకు వెళ్తే అవి పడుకుంటాయి, వెనక్కి వస్తే టైర్లు చీలుస్తాయి. అక్కడ పొరపాటున కూడా రివర్సు చేయొద్దు. కారు ఆపిన తర్వాత మళ్ళీ అదే పని. చుట్టూ వీడియో, నాలుగు మూలలు, నాలుగు చక్రాలు, డాష్‌బోర్డు. కారు ఆపిన చోటి నంబరు కూడా ఫోటోలో పడేటట్టు చూడండి. డిక్కీ, సీట్ల కింద, అద్దం దగ్గర పెట్టిన ఫోను స్టాండు, అన్నీ చూసుకోండి.

ఇంకో మాట, ఐటీలో పనిచేసేవారికి ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. ఆ కారుకు మీ ఫోను కలిపి ఉంటారు. మీరు వెళ్ళిన చిరునామాలు, మీ వాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు ఆ కారులో మిగిలిపోతాయి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (ఎఫ్‌టీసీ) 2016లోనే దీని గురించి జనాన్ని హెచ్చరించింది. దిగే ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మీ ఫోను పేరు తీసేయండి. ఆఫీసులో ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేటప్పుడు ఎంత జాగ్రత్త పడతామో ఇక్కడా అంతే పడాలి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది రసీదు. కారు ఏ సమయానికి, ఎంత పెట్రోలుతో, ఏ స్థితిలో తిరిగి వచ్చిందో రాసిన రసీదు తీసుకోకుండా కదలకండి. కాగితమైనా సరే, మెయిలైనా సరే. దీనికి గట్టి కారణం ఉంది. 2022 డిసెంబరులో అమెరికాలో హెర్ట్జ్ కంపెనీ 364 ఫిర్యాదులను సుమారు 16 కోట్ల 80 లక్షల డాలర్లు చెల్లించి పరిష్కరించుకుంది. కారు దొంగిలించారంటూ తమ మీద పోలీసులకు తప్పుగా ఫిర్యాదు చేశారన్నది ఆ వినియోగదారుల ఆరోపణ. అలాంటివి అరుదే, భయపడి కారు తీసుకోవడమే మానేయనక్కర్లేదు. కానీ ఎంత పెద్ద సంస్థలోనైనా లెక్క తప్పవచ్చని అది చెబుతోంది. లెక్క తప్పినప్పుడు మనల్ని కాపాడేది మన చేతిలోని కాగితం. అందుకే అర్ధరాత్రి ఎవరూ లేనప్పుడు తాళం పెట్టెలో వేసి వెళ్ళిపోయే పద్ధతిని వీలైనంత వరకు తప్పించుకోండి. చాలా ఒప్పందాల్లో, ఆఫీసు తెరిచి కారు చూసుకునే దాకా బాధ్యత మీదేనని రాసి ఉంటుంది. తప్పనిసరైతే, వీడియో మరింత జాగ్రత్తగా తీయండి, అప్పటికప్పుడే కంపెనీకి మెయిలు పెట్టండి.

మీరు అనవచ్చు. ఇంత దూరం ప్రయాణం చేసి, పిల్లలు ఏడుస్తుంటే, కళ్ళు మూతలు పడుతుంటే ఇవన్నీ ఎవరు చేస్తారండీ అని. నిజమే. హైదరాబాదు నుంచి కాలిఫోర్నియాకు వెళ్తే దారిలో విమానం మారి, దాదాపు ఒక పగలూ రాత్రీ గడిచిపోతాయి. దిగేసరికి మన ఒంటికి అది నిద్రవేళ కావచ్చు. కానీ ఇది నా మాటకు బలమిచ్చే సంగతే. పావుగంట కారు చుట్టూ నడిచే ఓపిక లేని మనిషి, తెలియని రోడ్డు మీద, అలవాటు లేని కుడివైపు, రెండు గంటలు కారు ఎలా నడుపుతాడు? అలా ఉన్న రోజున టాక్సీలో వెళ్ళి పడుకోండి, మర్నాడు వచ్చి కారు తీసుకోండి. ఒక రోజు అద్దె కూడా మిగులుతుంది. కుటుంబంతో ఉంటే ఒకరు పిల్లలను చూసుకుంటారు, ఇంకొకరు ఫోటోలు తీస్తారు. ఇంకా చెప్పాలంటే, న్యూయార్కు, లండన్ లాంటి నగరాల్లో ఊరు దాటని పనికి కారే అక్కర్లేదు, రైళ్ళున్నాయి. డాలస్ చుట్టుపక్కల మాత్రం కారు లేకపోతే రోజు గడవదు. అవసరమైన చోటే తీసుకోండి, తీసుకున్నప్పుడు పూర్తిగా మెలకువతో తీసుకోండి.

ఈ అలవాటు చేసుకోవడానికి విదేశం దాకా వెళ్ళనక్కర్లేదు. గచ్చిబౌలి, మాదాపూర్ రోడ్ల మీద నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న సెల్ఫ్ డ్రైవ్ కార్లు చూస్తూనే ఉంటారు. మన దేశంలో 1989 నుంచి వీటికొక ప్రభుత్వ పథకం ఉంది. శని, ఆదివారాల్లో వాటిలో శ్రీశైలమో, అనంతగిరి కొండలో వెళ్ళొచ్చే కుర్రకారు ఎందరో. ఆ కారు తాళం తెరుచుకునే ముందే యాప్ ఫోటోలు అడుగుతుంది. చాలామంది విసుక్కుంటూ రెండు తీసి ఊరుకుంటారు. అలా వద్దు. ఆ ఫోటోలు శ్రద్ధగా తీయడం ఇక్కడే నేర్చుకోండి. విదేశాల్లో కూడా ఇప్పుడు యంత్రాలు వచ్చాయి. హెర్ట్జ్ సంస్థ 2025 నుంచి అమెరికా విమానాశ్రయాల్లో కెమెరాల గేటు గుండా కారును పోనిచ్చి, కంప్యూటరుతో గీతలు వెతికించే పద్ధతి తెచ్చింది. యంత్రమే చూస్తున్నప్పుడు మన ఫోటోలెందుకు అంటారేమో. యంత్రం తీసిన ఫోటోలు వాళ్ళ దగ్గర ఉంటాయి. పేచీ వచ్చిన రోజున మీ వైపు మాట చెప్పడానికి మీ ఫోటోలు మీ దగ్గర ఉండాలి.

చివరిగా ఒక మాట, దీన్ని నేను మనసారా చెబుతున్నాను. ఈ ఫోటోలు, ఈ రసీదులు కంపెనీ మీద ఆయుధాలు మాత్రమే అనుకుంటే సగమే అర్థం చేసుకున్నట్టు. అవి మన మీద కూడా సాక్ష్యాలు. పార్కింగులో స్తంభానికి గీసుకుంది. ఎవరూ చూడలేదు. తిరిగి ఇచ్చేటప్పుడు ఆ వైపు గోడకు ఆనించి పెట్టి వెళ్ళిపోదామా అనిపిస్తుంది. వద్దు. ఇక్కడ గీసుకుంది, నా చేతిలోనే జరిగింది అని ముందే చెప్పండి. డబ్బు కట్టాల్సి రావచ్చు, రక్షణ కొని ఉంటే కట్టనక్కర్లేకపోవచ్చు. కానీ దాచిన గీత తర్వాత కారు తీసుకున్నవారి మెడకు చుట్టుకుంటుంది. ఆ వచ్చేవారు మొదటిసారి దేశం దాటిన ఒక అమ్మాయి కావచ్చు, మనలాగే ఫోటో తీయడం మరచిపోయిన ఒక తండ్రి కావచ్చు. మన ముందు కారు నడిపినవారు నిజాయతీగా ఉండాలని ఎంత కోరుకుంటామో, మన తర్వాతివారు మననుంచి అంతే కోరుకుంటారు.

కాబట్టి, శ్రోతలారా, ఇంకొక్కసారి. బయల్దేరే ముందు: లైసెన్సు, పర్మిట్, మూడుచోట్లా ఒకే పేరు, విదేశంలో పనిచేసే కార్డు. తీసుకునేటప్పుడు: ఇన్సూరెన్సు గురించి ఆ రెండు ప్రశ్నలు, కారు చుట్టూ ఒక ప్రదక్షిణ. ఇచ్చేటప్పుడు: నిండు ట్యాంకు, మళ్ళీ ఫోటోలు, చేతిలో రసీదు. ఇంటికొచ్చాక ఆ ఫోటోలు కొన్ని నెలలు తుడిచేయకండి, కార్డు బిల్లు చూస్తూ ఉండండి. మీకు ఇదంతా ముందే తెలిసి ఉంటే, మీ టీములో వచ్చే నెల మొదటిసారి వెళ్తున్నవారిని పిలిచి ఒక్క పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పండి. వీసాకు, టికెట్లకు ఎంతోమంది సాయం చేస్తారు. ఈ సంగతి చెప్పేవారు తక్కువ. ఆ చెప్పేవారు మీరే అవ్వండి.